పక్షి బాగుంది, మరి ఫోటో సంగతేంటి?

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు గట్టు మీదో, గండిపేట ఒడ్డునో నిలబడితే కెమెరా భుజాన వేసుకున్నవాళ్లు నలుగురైదుగురైనా కనిపిస్తారు. ఐటీ ఉద్యోగులు, బ్యాంకు వాళ్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దమనుషులు. ఎండెక్కాక చాయ్ బండి దగ్గర చేరి కెమెరా స్క్రీన్లు ఒకరికొకరు చూపించుకుంటారు. నేనూ ఆ గుంపులో మనిషినే. కొత్తవాళ్ల ఫోటోలు చూసి చెప్పడం, నావి చూపించి చెప్పించుకోవడం చాలాకాలంగా అలవాటు. అక్కడ పదే పదే వినిపించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని జేబుకు చిల్లు పెట్టేవి, కొన్ని పక్షులకే ముప్పు తెచ్చేవి.

అపోహ: పెద్ద లెన్స్ కొంటే తప్ప ఫోటోలు రావు

పక్షులకు పొడవు లెన్స్ ఉంటే మేలే, కాదనను. కానీ చాలామంది ఫోటోలు చెడుతున్నది లెన్స్ పొట్టిదై కాదు. పొద్దున తొమ్మిదిన్నరకు, రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న రాజహంసలను తీసి, లెన్స్‌లో పదును లేదంటారు. నీళ్ల మీద, ఎండిన చెరువు మట్టి మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంటే లక్షల రూపాయల లెన్స్ పెట్టినా ఈకలు కనిపించవు. అదే గాలి పొద్దున ఆరున్నరకు నిలకడగా ఉంటుంది.

ఇంకో సంగతి. 600 మి.మీ. లెన్స్‌తో పది మీటర్ల దూరంలోని పక్షిని అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్/6.3 దగ్గర పెట్టి తీస్తే, ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మంత పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో ఫోకస్‌లో ఉండే మందం సుమారు పది సెంటీమీటర్లే. కన్ను పదునుగా ఉండి తోక మసకబారుతుంది. కొత్తగా పెద్ద లెన్స్ కొన్నవాళ్లు ముందు తిట్టేది దీన్నే. అది లెన్స్ లోపం కాదు, లెక్క.

క్రాప్ చేయొద్దని కూడా భయపెడతారు. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను వెడల్పులో సగం, ఎత్తులో సగం కోసేస్తే ఆరు మెగాపిక్సెళ్లు మిగులుతాయి. అంటే వెడల్పున 3000 పిక్సెళ్లు, పది అంగుళాల మంచి ప్రింటుకు సరిపోతుంది. ఫోన్‌లో చూడటానికి అదే ఎక్కువ. ఉన్న 70-300 మి.మీ. లెన్స్‌తోనే వనస్థలిపురంలోని హరిణ వనస్థలికి వెళ్లి కృష్ణజింకను దాని గడ్డితో, తుమ్మచెట్లతో, పొద్దుటి వెలుతురుతో కలిపి తీయండి. జంతువు ఫ్రేమంతా నిండితేనే వైల్డ్‌లైఫ్ అని ఎవరు పెట్టిన నియమమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: తాడోబా, కబినీ వెళ్లకపోతే వైల్డ్‌లైఫ్ ఏముంది?

అవి పేరున్న పులుల అడవులు. పులి కోసం వెళ్లండి, సంతోషంగా వెళ్లండి. నేర్చుకోవడానికి మాత్రం పక్కనున్న చెరువే నయం. సఫారీలో జీపు ఎక్కడ ఆగాలో మీ చేతిలో ఉండదు, తప్పు తెలిశాక మళ్లీ అదే పులి అదే వెలుతురులో నిలబడదు. అమీన్‌పూర్‌లో నలుపు తెలుపు లకుముకి నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలవడం ఈ వారం సరిగ్గా రాకపోతే వచ్చే వారం అదే గట్టు, దాదాపు అదే వెలుతురు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు అది. ఔటర్ దాటక్కర్లేదు. ఎవరైనా చెప్పిన మాటను వారం తిరక్కుండా పరీక్షించుకునే వీలు ఇక్కడే ఉంది.

అపోహ: ఐఎస్ఓ పెంచితే ఫోటో పాడవుతుంది

ఐఎస్ఓ అంటే తక్కువ వెలుతురులోనూ ఫోటో వెలిగేలా కెమెరాలో పెంచుకునే అంకె. పెంచితే ఫోటోలో గరుకు వస్తుందని భయపడి, కేబీఆర్ పార్కు చెట్ల నీడలో ఐఎస్ఓ 400 పెట్టి, షట్టర్ వేగం 1/80 సెకనుకు పడిపోయి, మొత్తం చెదిరిన ఫోటోలు తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను. గరుకుదనాన్ని సాఫ్ట్‌వేర్ చాలావరకు తుడుస్తుంది. చెదిరిన కన్నును తిరిగి అతికించే సాఫ్ట్‌వేర్ లేదు. ఉన్నట్టు చూపించేవి కొత్త కన్ను గీస్తాయి, అది వేరే గొడవ. కొమ్మ మీద కూర్చున్న పిట్టకు 1/500 దాకా, ఎగిరే పిట్టకు 1/2000, ఇంకా పైకి వెళ్లాల్సి వస్తే ఐఎస్ఓ 3200 పెట్టండి. తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి, ఇంటికెళ్లి కంప్యూటర్‌లో వెలుగు పెంచినా గరుకు వస్తుంది.

తెల్ల కొంగ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నల్లటి నీళ్ల ముందు చిన్నగా నిలబడ్డ కొంగను కెమెరా తన ఇష్టానికి వదిలేస్తే ఈకలు సున్నం కొట్టినట్టు వస్తాయి. ఫోటో వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్‌కు తిప్పాలి. అదే కొంగ ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిద రంగులోకి దించుతుంది, అప్పుడు ప్లస్. తెల్లపక్షి అంటే ఎప్పుడూ మైనస్ అని బట్టీ పట్టినవాళ్లు ఈ రెండోచోట దొరికిపోతారు.

అపోహ: అందరూ బాగుందన్నారు, కాబట్టి బాగున్నట్టే

నా ఉద్దేశంలో అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను.

"అన్నా, ఎట్లుంది?" అని స్క్రీన్ మొహం మీద పెడితే, చాయ్ తాగుతున్న మనిషి "మస్తుంది" అంటాడు. ఇంకేమంటాడు? అడిగిన తీరులోనే ఆ జవాబు ఉంది. పైగా అతను మెచ్చుకున్నది చాలాసార్లు పక్షినే. అరుదైన పక్షి కనిపిస్తే ఫోటో ఎట్లున్నా "అబ్బా!" అంటాం. కాబట్టి అడిగేటప్పుడు సందేహాన్ని పట్టి అడగండి. "వెనకాల ఆ కొమ్మ అడ్డంగా ఉందా?", "తల ఇటు తిరిగిన ఫ్రేమ్ మేలా, అటు తిరిగిందా?", "ఇది ఫోకస్ తప్పిందా, చేయి వణికిందా?" ఇట్లా అడిగితే ఎదుటివాడు కూడా కళ్లు పెట్టి చూస్తాడు.

ఆఖరి ప్రశ్న దగ్గర ఆగుదాం. "సాఫ్ట్‌గా ఉంది" అన్నది మన గుంపుల్లో ఎక్కువగా వినపడే మాట, తక్కువ పనికొచ్చే మాట. మసకకు కారణాలు నాలుగైనా ఉంటాయి, నాలుగింటికీ మందు వేరు. పక్షి మసకగా ఉండి, దాని ముందున్న గడ్డిపోచ పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. కొమ్మ, ఆకు, పక్షి అన్నీ ఒకే దిక్కుకు చెదిరి ఉంటే చేయి కదిలింది. కన్ను పదునుగా ఉండి రెక్క మాత్రం చెదిరితే పక్షి కదిలింది, షట్టర్ వేగం చాల్లేదు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు, అది మీ చేతి వణుకును ఆపుతుంది గానీ పిట్ట రెక్కను ఆపదు. ఇవేవీ కాకుండా అంచులు వంకరలు పోయి, వరుసగా తీసిన ఫ్రేముల్లో ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటే అది గాలి వేడి. ఇంత చెప్పాలంటే చూసేవాడికి షట్టర్ వేగం, అపర్చర్, ఐఎస్ఓ, ఎంత దూరం, ఎన్ని గంటలకు అన్నవి తెలియాలి. అవి దాచిపెట్టి సలహా అడగడం రిపోర్టులు ఇంట్లో పెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లడం లాంటిది.

విన్న మాటల్ని రెండు రకాలుగా విడదీసుకోవడం ఇంకో అవసరం. గట్టు వంగింది, క్రాప్ బిగుతుగా ఉంది, నీడలు మరీ నల్లగా ఉన్నాయి. ఇవి ఇంట్లో కూర్చుని సరిచేసుకునేవి. పసిరిక పిట్ట తల వెనకనుంచి కొమ్మ మొలిచినట్టుంది, గుడ్డికొంగను నిలబడి తీయడంతో పైనుంచి చూసినట్టుంది, పక్షి మొహం అటు తిప్పుకుంది. ఇవి మళ్లీ గట్టు మీదికి వెళ్తే తప్ప సరికావు. రెండో రకం మాటలే అసలైన పాఠాలు. ఒక్క అడుగు ఎడమకు జరిగితే ఆ కొమ్మ పోయేది. మట్టిలో పడుకుని లెన్స్‌ను నీటి మట్టానికి దించితే కొంగ కన్ను మన కన్నుతో కలిసేది, వెనక ఒడ్డు దూరంగా జరిగి మెత్తగా కరిగేది. బట్టలు బురదవుతాయి, ఇంట్లో తిట్లు పడతాయి. అయినా ఇంత చవకగా ఫోటోను మార్చే ఉపాయం ఇంకోటి లేదు.

చెప్పేవాళ్లు ఇద్దరు ఒకేలా చెప్పరు. ఒకరు దగ్గరగా కోయమంటారు, ఇంకొకరు చుట్టూ చోటు వదలమంటారు. కొత్తవాళ్లకు ఇక్కడే టెన్షన్. నిజానికి ఒకరు పక్షిని చూస్తున్నారు, ఒకరు చోటును చూస్తున్నారు. మీరు ఏం చూపించాలనుకున్నారో మీరు చెప్పకపోతే వాళ్లకెట్లా తెలుస్తుంది? ఉద్దేశం చెప్పాక కూడా ఇద్దరు ముగ్గురు ఒకేచోట వేలు పెట్టారంటే మాత్రం అక్కడ ఏదో ఉన్నట్టే. ఒక్కరే అన్నది వాళ్ల రుచి కావచ్చు, పక్కన పెట్టేయొచ్చు.

ఇంకొకటి మనసుకు కష్టంగా ఉండే విషయం. నాలుగింటికి లేచి, మంచులో గంటసేపు కదలకుండా కూర్చుని తీశారు. ఆ శ్రమ మీకు ఫోటోలో కనిపిస్తుంది, చూసేవాడికి కనిపించదు. అందుకే ఫోటో చూపిస్తూ కథ చెప్పకండి. ముందు చూడనివ్వండి, వాళ్లు చెప్పాల్సింది చెప్పాక మీ కథ చెప్పండి. మీకు నచ్చిన ఒక్క ఫ్రేమే కాకుండా వరుసలో దాని ముందూ వెనకా ఫ్రేములు కూడా చూపించండి. మీరు వదిలేసిన నాలుగోది బాగుందని పక్కవాడు అనడం మా దగ్గర మామూలే.

చెప్పే పెద్దలకూ ఒక మాట. "నీ కెమెరాతో ఇంతే వస్తుంది" అన్నది సలహా కాదు. పిల్లల ముందు నవ్వులాటకు అన్న మాటతో కెమెరా అటక ఎక్కినవాళ్లున్నారు. లోపం చెబితే దాని వెంట "అక్కడ నువ్వు ఇంకేం చేసుండొచ్చు" అన్నది కూడా చెప్పండి. అది చెప్పలేకపోతే లోపం మీకూ పూర్తిగా అర్థం కానట్టే.

అపోహ: ఎడిటింగ్ చేస్తే మోసం, లేదా పోటీకి ఏం చేసినా చెల్లుతుంది

రెండూ తప్పే. రా ఫైల్‌ను (కెమెరా మార్పులు చేయకుండా ఇచ్చే ఫైల్‌ను) వెలిగించడం, రంగు సరిచేయడం, క్రాప్ చేయడం పనిలో భాగం. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, అమెరికాలోని ఫోటోగ్రఫీ సంఘం పీఎస్ఏ, బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి ప్రకృతి ఫోటోకు ఒకే నిర్వచనం పెట్టుకున్నాయి. దాని ప్రకారం క్రాప్ తప్ప మరో రకంగా ఫోటోలోంచి దేన్నీ తీసేయకూడదు, కొత్తది చేర్చకూడదు, ఉన్నదాన్ని జరపకూడదు. అడ్డొచ్చిన గడ్డిపోచను చెరిపినా పోటీకి పనికిరాదు. నెహ్రూ జూపార్కులో తీసిన పులి ఫోటోను నేచర్ విభాగానికి పంపొచ్చు, వైల్డ్‌లైఫ్ విభాగానికి కుదరదు. అక్కడ జీవి స్వేచ్ఛగా తిరిగేదై ఉండాలి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2017లో గెలిచిన ఫోటో ఒకటి 2018లో రద్దయింది. అందులోని చీమలు తినే జంతువు బతికున్నది కాదు, చచ్చినదాని తోలులో కూరి చేసిన బొమ్మ అయ్యే అవకాశమే చాలా ఎక్కువని నిపుణులు తేల్చారు. బొమ్మ అనుమానం రావడానికి కారణం వేరే చోట ఉన్న అలాంటి బొమ్మతో ఒళ్లంతా ఉన్న గుర్తులు కలవడమే. ఇంట్లో గోడకు పెట్టుకునే ఫోటోకు ఈ నియమాలేవీ లేవు, మీ ఇష్టం. చూపించేటప్పుడు ఏం చేశారో చెబితే చాలు.

అపోహ: దగ్గరికి వెళ్తేనే మంచి ఫోటో, గూడు దొరికితే ఇంకేం కావాలి

ఎండాకాలంలో చెరువు గట్టున తీతువు పిట్ట తల మీద తిరుగుతూ అరిస్తే అపశకునం అంటారు. అది మిమ్మల్ని తిడుతోంది, అంతే. దాని గుడ్లు గూడంటూ లేకుండా నేల మీదే, గులకరాళ్లలో కలిసిపోయి ఉంటాయి. మీ కాలికి దగ్గర్లోనే ఉండొచ్చు. ఫోకస్ పెట్టుకుంటూ ముందుకు నడవకండి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. మీరు నిలబడ్డంతసేపూ ఆ గుడ్లు ఎండలో మాడుతుంటాయి.

గూళ్ల దగ్గర కొమ్మలు కత్తిరించి దారి చేసుకునేవాళ్లున్నారు. ఆ సందులోంచి మనకు పిల్లలు కనిపిస్తే కాకికీ కనిపిస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇచ్చిన వేట నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడం కూడా ఉంది. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను బయటికి రప్పించడం ఇంకో అలవాటు. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది మేత మానేసి వెతుకుతుంది.

అందుకే ఇప్పుడు మా దగ్గర ఫోటో బాగుందో లేదో చెప్పేముందు "ఇది ఎట్లా తీశావ్?" అని అడుగుతున్నాం. కొందరికి కోపం వస్తోంది, రానీ. గూటి ఫోటోలను చూడం, వాటి మీద మాట్లాడం. గుడ్లగూబ కూర్చునే బండ ఎక్కడుందో అడిగినా చెప్పం. ఫోటో ఫైల్‌లో లొకేషన్ దాగి ఉండొచ్చు కాబట్టి, తీసేముందే ఫోన్‌లో, కెమెరాలో జీపీఎస్ ఆపమని, ఎవరికైనా పంపేముందు ఫైల్‌లో లొకేషన్ లేకుండా చూసుకోమని కొత్తవాళ్లకు మొదటి రోజే చెబుతున్నాం.