మిలిటరీ మావయ్య పేరు వెతకండి

చిన్నా, బుజ్జీ,

దసరా సెలవుల్లో ఢిల్లీ వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎర్రకోట, కుతుబ్ మీనార్ ఎలాగూ చూస్తారు. ఇండియా గేట్ దగ్గర మాత్రం ఒక పూటంతా ఉండండి. గేటుకి తూర్పు వైపు జాతీయ యుద్ధ స్మారకం ఉంది. తెలియకుండా వెళ్తే అది మామూలు పార్కులాగే కనిపిస్తుంది. అందుకే ముందుగా రాస్తున్నాను.

మన వీధి చివర పెంకుటిల్లు మీకు తెలుసుగా. ఆ ఇంటబ్బాయి 1971 యుద్ధంలో పోయాడు. వాళ్ళ మేనమామలది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఇంటింటా సైన్యంలో పనిచేసిన వాళ్ళుండే ఊరు కాబట్టి దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. వాళ్ళని చూసే ఇతనూ చేరాడు. మేమంతా మిలిటరీ మావయ్య అనేవాళ్ళం. సెలవుకొస్తే మా పిల్లలందరికీ కాలవలో ఈత నేర్పేవాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. టెలిగ్రాం వచ్చిన రోజు మా వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. అతను పంపిన మనియార్డరు రసీదులతో పాటు ఆ టెలిగ్రాంని కూడా వాళ్ళమ్మ, అదే మన మామ్మగారు, ట్రంకు పెట్టెలో దాచుకున్నారు.

1984లో మా అమ్మను కాశీ తీసుకెళ్ళి, తిరుగులో ఢిల్లీ చూసొద్దామనుకున్నాం. అది తెలిసి మామ్మగారు కొడుకు పేరు, నంబరు ఒక కాగితం మీద రాయించి నా చేతిలో పెట్టారు. "అక్కడ రాళ్ళ మీద సిపాయిల పేర్లు చెక్కారట. మావాడిది ఉందేమో చూసి రా నాయనా" అన్నారు.

మెడ నొప్పెట్టేదాకా గేటు చుట్టూ తిరిగి చదివాను. నా చేతిలో కాగితం చూసి అక్కడున్న జవాను చెప్పాడు, అవి పాత యుద్ధాల వాళ్ళ పేర్లని. నిజమే. ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ లుట్యెన్స్ గీసిన ఆ 42 మీటర్ల కట్టడానికి 1921లో పునాది వేసి 1931లో ప్రారంభించారు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ 1919 ఆఫ్ఘన్ యుద్ధంలోనూ బ్రిటిష్ ఇండియా సైన్యంలో పోయిన మనవాళ్ళ కోసం కట్టింది అది. రాళ్ళ మీద 13,000కు పైగా పేర్లున్నాయి. స్వతంత్రం వచ్చాక పోయినవాళ్ళవి లేవు. 1971 యుద్ధం అయ్యాక, 1972 జనవరి 26న, ఆ కమాను కింద అమర జవాన్ జ్యోతి వెలిగించారు. నల్లరాతి దిమ్మె, దాని మీద తలకిందులుగా నిలిపిన తుపాకి, తుపాకి మీద హెల్మెట్. చుట్టూ వెతికితే ఒక్క పేరు లేదు.

ఇంటికొచ్చి ఏం చెప్పాలో తోచక, "దీపం వెలుగుతోంది మామ్మగారూ" అన్నాను. ఆవిడ కాగితం మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నారు.

కొత్త స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమయ్యింది. మామ్మగారు అప్పటికి లేరు.

దాని డిజైను పోటీ పెట్టి ఎంపిక చేశారు. గెలిచింది చెన్నై ఆర్కిటెక్ట్ యోగేశ్ చంద్రహాసన్. ఇండియా గేటుకి అడ్డం రాకూడదని చాలా భాగం నేల మట్టానికి దిగువన కట్టారు. ఒకదానిలో ఒకటిగా నాలుగు చక్రాలుంటాయి. గబగబా మధ్యలోకి పోకండి, బయటి నుంచి మొదలుపెట్టండి. మొదట వచ్చేది రక్షక చక్రం. 600కు పైగా చెట్లు, మన చేలగట్ల మీద తాటిచెట్లలా వరసగా ఉంటాయి. సరిహద్దులో కాపలా కాసే జవాన్లకు అవి గుర్తు.

లోపలికొస్తే త్యాగ చక్రం. అసలు చోటు నా లెక్కలో ఇదే. పద్మవ్యూహంలా వంపు తిరిగిన 16 గోడలు. అభిమన్యుడి కథ మీకు చెప్పాను కదా, లోపలికి వెళ్ళడమే తెలిసి బయటికి రావడం తెలియని పిల్లవాడి కథ. అది తలుచుకుంటూ నడవండి. ఆ గోడల నిండా గ్రానైట్ ఇటుకలే. ఒక్కో ఇటుక మీద ఒక్కో మనిషి పేరు, హోదా, అతని దళం బంగారు రంగు అక్షరాల్లో ఉంటాయి. మొత్తం 25,000కు పైగా. కల్నల్‌కైనా సిపాయికైనా ఒకేలాంటి ఇటుక. 2020లో గల్వాన్‌లో పోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరూ అక్కడే ఉంది.

మూడోది వీరతా చక్రం, ఆరు కంచు శిల్పాలు. వాటిలో లడఖ్‌లో చైనాతో జరిగిన రెజాంగ్ లా పోరాటం శిల్పం దగ్గర ఆగండి. 1962 నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్‌తో కలిసి దాదాపు 120 మంది ఆ మంచుకొండ మీద నిలబడ్డారు. 110 మందికి పైగా అక్కడే పోయారు.

నడిమధ్య అమర చక్రం. 15.5 మీటర్ల స్తంభం, దాని కింద జ్యోతి. ఇండియా గేట్ కింద ఉన్న జ్యోతిని 2022 జనవరి 21న తెచ్చి దీనిలో కలిపారు. పాతచోటు నుంచి తీశారని బాధపడ్డవాళ్ళున్నారు. యాభై ఏళ్ళ అలవాటు కదా, ఆ బాధ అర్థమవుతుంది. నాకు మాత్రం దీపం పేర్ల దగ్గరికి రావడమే సబబనిపించింది.

మామ్మగారి కాగితం ఈ ఉత్తరంతో పెడుతున్నాను. మడతల దగ్గర చిరిగిపోయేలా ఉంది, జాగ్రత్త. పేరు ఏ గోడ మీదుందో అక్కడివాళ్ళని అడగండి. దొరికాక ఒక్కసారి చేత్తో తడిమి, ఫోటో తీసి పంపండి. పెంకుటింట్లో ఇప్పుడు మామ్మగారి మనవరాలు ఉంటోంది. తణుకు వెళ్ళి ప్రింటు వేయించి ఆ అమ్మాయికి ఇచ్చొస్తాను.

మీ తాతయ్య,
అత్తిలి