అదే గుట్ట మీద మళ్లీ నిలబడితే

"ఒకప్పుడు ఇక్కడంతా అడవే" అన్న మాట ఏ పల్లెకు పోయినా వినిపిస్తుంది. నిజమో కాదో తేలాలంటే జ్ఞాపకం చాలదు. పాత ఫోటో దొరకాలి, అది తీసిన చోటు దొరకాలి, అక్కడే మళ్లీ నిలబడాలి.

ఈ పద్ధతి పొలాల కోసం పుట్టింది కాదు. 1880ల చివర్లో జర్మన్ గణితవేత్త సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ ఆల్ప్స్ హిమానీనదాలను ఫోటోలతో కొలవడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు అక్కడి నుంచే మళ్లీ తీస్తే మంచు ఎంత కరిగిందో లెక్క తేలుతుంది. మంచు మీది నుంచి ఆ చూపు మట్టి మీదికి మళ్లడానికి చాలా కాలం పట్టింది.

వినడానికి తేలికే. దగ్గరి బండ, దూరపు కొండ అంచు పాత ఫోటోలో ఎలా కలిశాయో అలా కలిసేదాకా అడుగు అటూ ఇటూ జరుగుతూ ఉండాలి. నెల కూడా కలవాలి. వానాకాలపు ఫోటో పక్కన ఎండాకాలపు ఫోటో పెడితే ఏ వాదనైనా నెగ్గుతుంది. ఒక్కోసారి తీరా అక్కడికి చేరితే చెట్లు అడ్డొచ్చి ఏమీ కనిపించదు. అదీ ఒక జవాబే.

అందరూ చెప్పుకునే ఉదాహరణ కెన్యాలోని మచాకోస్. 1930లలో అక్కడి వాలు పొలాలు గండ్లు పడి, మట్టి కొట్టుకుపోయి ఉండేవి. మనుషులూ పశువులూ ఎక్కువైనందుకే ఈ గతి అని బ్రిటిష్ వలస ప్రభుత్వం తేల్చింది. 1938లో మందలు తగ్గించాలని బలవంతం చేస్తే, అక్కడి కంబా తెగ ప్రజలు రాజధాని నైరోబీకి నడిచి వెళ్లి నిరసన తెలిపారు. 1932లో అక్కడి జనాభా సుమారు 2.4 లక్షలు, 1989 నాటికి దాదాపు 14 లక్షలు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం నేల పూర్తిగా పోవాలి. కానీ 1937 నాటి ఫోటోలు పట్టుకుని 1990ల మొదట్లో వెళ్లినవాళ్లకు మెట్లు కట్టిన పొలాలు, చెట్లు కనిపించాయి. కాలువ తవ్విన మట్టిని పైకి విసిరి గట్టు వేసే పద్ధతిని అక్కడ 'ఫన్యా జూ' అంటారు. ఆ గట్లకు కాఫీ డబ్బు, పట్నంలో పనిచేసే మగవాళ్లు పంపిన డబ్బు తోడైంది. నైరోబీ మార్కెట్ దగ్గరగా ఉండటం కూడా కలిసొచ్చింది, అన్ని చోట్లా ఆ అదృష్టం ఉండదు.

ఇథియోపియా కథ ఇంకా విచిత్రం. 1900 ప్రాంతంలో దేశంలో 40 శాతం అడవి ఉండేదన్న లెక్క ఏళ్ల తరబడి చేతులు మారుతూ వచ్చింది. 1868లో బ్రిటిష్ సైన్యం వెంట వెళ్లినవాళ్లు తీసిన ఫోటోల్లో మాత్రం ఉత్తరాది కొండలు బోడిగానే ఉన్నాయి. బెల్జియం భూగోళ శాస్త్రవేత్త యాన్ నిస్సెన్ బృందం 140 ఏళ్ల తర్వాత అవే చోట్లకు వెళ్తే, మొత్తం మీద పచ్చదనం అప్పటికంటే ఎక్కువే కనిపించింది.

పశ్చిమాఫ్రికా దేశం గినీలోని కిస్సిడుగు ప్రాంతపు పల్లెల చుట్టూ ఉన్న చెట్ల గుంపులను పాత మహారణ్యపు శేషాలని అధికారులు నమ్మారు. అవి మేం పెంచినవే అని ఊరివాళ్లు చెబుతూనే ఉన్నారు. 1952 నాటి విమాన ఫోటోలను తర్వాతి ఉపగ్రహ చిత్రాలతో పోల్చాక గానీ ఆ మాటకు విలువ రాలేదు.

అలాగని ఫోటోనే చివరి సాక్ష్యం కాదు. మెట్ల పొలం ఎవరిదో, దాన్ని అమ్ముకుని వెళ్లిపోయిందెవరో అందులో పడదు. పైగా నేల కోతను చూపించడానికి వెళ్లిన అధికారి కెమెరా గండి పడ్డ వాలు వైపే తిరుగుతుంది. యాభై ఏళ్లకు వెళ్లినవాళ్లూ ఆ వాలు ముందే నిలబడాలి. అతని వీపు వెనక ఏ పొలం ఉండేదో చూపే ఫోటో లేదు.