ఆంధ్ర బడి మేలా, తెలంగాణ బడి మేలా: అపోహలు, వాస్తవాలు

అపోహ: పదో తరగతిలో పాస్ శాతం ఎక్కువున్న రాష్ట్రంలోనే సర్కారు చదువు బాగుంది.

వాస్తవం: 2025లో తెలంగాణలో 92.78 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 81.14 శాతం మంది పాసయ్యారు. ఈ రెండూ ఒకే పరీక్ష అంకెలు కావు. తెలంగాణలో రాతపరీక్షకు 80, బడిలో వేసే ఇంటర్నల్స్‌కు 20 మార్కులు. ఆంధ్రలో ఇంటర్నల్స్ 2019లోనే పోయాయి, వందా పరీక్ష హాల్లోనే తెచ్చుకోవాలి. పైగా ఆంధ్రలో 2025 బ్యాచ్ కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల ఆధారంగా వచ్చిన కొత్త పుస్తకాలతో రాసింది. పేపరు వేరు, పుస్తకం వేరు, మార్కుల పద్ధతి వేరు. ఆంధ్ర ఫలితాలనే వరసగా చూడండి: 2022లో 67.26, 2024లో 86.69, మరుసటి ఏడాది 81.14. బోధన ఇంత వేగంగా పెరగదు, తగ్గదు. 2022 పిల్లలు కరోనా వల్ల బడికి దూరమై వచ్చి రాసినవాళ్లు.

ఇంకో చిక్కు, మొత్తం శాతంలో ప్రైవేటు పిల్లలూ కలిసి ఉంటారు. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక రాష్ట్రంలో 60 శాతం పిల్లలు సర్కారు బడిలో ఉన్నారు, వాళ్లలో 80 శాతం పాసయ్యారు. మిగతా 40 శాతం ప్రైవేటులో 96 శాతం పాస్. మొత్తం 86.4. పక్క రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలు 40 శాతమే, పాసైంది 78 శాతమే. ప్రైవేటులో అదే 96. మొత్తం 88.8. సర్కారు బడి వెనకబడ్డ రాష్ట్రమే పైకి కనబడుతోంది! అందుకే యాజమాన్యాల వారీ (జిల్లా పరిషత్, గురుకులం, ప్రైవేటు ఇలా విడివిడిగా) పట్టిక తీసి జిల్లా పరిషత్ బడిని జిల్లా పరిషత్ బడితోనే పోల్చాలి. గురుకులాలను అందులో కలపకూడదు. ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష రాసి చేరిన పిల్లలు వాళ్లు. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా ముందున్న పిల్ల గురుకులానికి వెళ్తే అక్కడి శాతం పెరుగుతుంది, ఊళ్లోని హైస్కూలు శాతం తగ్గుతుంది. ఇందులో హైస్కూలు టీచర్ల తప్పేమీ లేదు.

అపోహ: సర్వేలన్నీ ఒకటే, ఏ ర్యాంకు చెప్పినా చెల్లుతుంది.

వాస్తవం: అసర్ సర్వే గ్రామాల్లో, ఇంటికి వెళ్లి, ఒక్కో పిల్లను విడిగా చదివించి చేసేది. జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు. హైదరాబాద్ నగరం అందులో ఉండదు. కేంద్రం నడిపే నాస్ సర్వే మాత్రం బడిలో పెట్టే పరీక్ష. 2017లో సర్కారు, ఎయిడెడ్ బడులకే పరిమితమైంది, 2021లో ప్రైవేటునూ కలిపారు. కాబట్టి ఆ రెండు ఏళ్ల అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగాం, తగ్గాం అనడం చెల్లదు. నాస్ స్థానంలో 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ సర్వేలో తరగతులే మారాయి: 3, 6, 9. అసర్‌లో కూడా రాష్ట్రాల మధ్య రెండు మూడు పాయింట్ల తేడాను గెలుపోటములుగా చూడొద్దు. నమూనా పరిమాణం వల్లే అంత తేడా రావచ్చు.

నిజంగా కలవరపెట్టాల్సిన అంకె అసర్‌లోనే ఉంది. రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు, సర్కారు ప్రైవేటు కలిపి, 2018లో ఆంధ్రలో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం. 2022కి అవి 10.3, 5.2 అయ్యాయి. ఎవరు ముందున్నారని వాదించుకుంటూనే ఇద్దరమూ సగానికి పైగా జారాం.

అపోహ: బడి చదువులో రాష్ట్రాల పనితీరుకు కేంద్రం ఇచ్చే పీజీఐ స్కోరు చదువు నాణ్యతకు కొలబద్ద.

వాస్తవం: మొదటి పద్ధతిలో వెయ్యి పాయింట్లలో అభ్యసన ఫలితాలకు 180, పాలన ప్రక్రియలకు 360. 2021-22 నుంచి ఫలితాలకు 240 అయింది. మొత్తం చూడకుండా విభాగాల వారీగా చదవాలి.

అపోహ: టీచరుకు తక్కువ మంది పిల్లలుంటే బడి బాగున్నట్టే.

వాస్తవం: ఐదు తరగతుల్లో కలిపి 15 మంది, ఒక్క ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ఉన్న బడి నిష్పత్తి 1:15. విద్యాహక్కు చట్టం అడిగిన 1:30 కంటే కాగితం మీద రెట్టింపు మెరుగు. ఆ టీచరు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుకు వెళ్లిన రోజు ఆ బడిలో పాఠం ఉండదు. చట్టం 60 మంది దాకా పిల్లలకు ఇద్దరు టీచర్లు కావాలంటుంది. అందుకే సగటు వదిలేసి ఏకోపాధ్యాయ బడుల సంఖ్య చూడాలి. అదీ జాగ్రత్తగానే: ఆంధ్రలో 2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపారు, తర్వాత ఆ జీవో రద్దయింది. ఏ ఏడాది లెక్కో చూసుకోవాలి. దేశంలోని బడులన్నిటి వివరాలు నమోదయ్యే యూడైస్‌లోనూ 2022-23 నుంచి ఒక్కో పిల్ల వివరం విడిగా నమోదవుతోంది. అంతకు ముందు బడి మొత్తాలే ఇచ్చేవారు. పాత నమోదు సంఖ్యతో పోల్చి పిల్లలు తగ్గారనడం తొందరపాటు.

అపోహ: తలకు ఖర్చు ఎక్కువైతే చదువు మెరుగు.

వాస్తవం: ఆ ఖర్చులో ఏమేం కలిపారో అడగండి. ఆంధ్రలో పిల్లల్ని బడికి పంపే తల్లులకు సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటు పిల్లల తల్లులకూ వెళ్తుంది, అంతకు ముందున్న అమ్మఒడి డబ్బూ అలాగే వెళ్లేది. తెలంగాణ గురుకులాల ఖర్చులో చాలా భాగం సంక్షేమ శాఖల పద్దుల్లో ఉంటుంది, విద్యాశాఖ లెక్కలో కనబడదు.

రెండు వైపులా పనికొచ్చే పోలిక కావాలంటే సరిహద్దు మండలాలు మేలు. తెలంగాణలోని మధిర, ఆంధ్రలోని తిరువూరు ప్రాంతాల్లో ఒకే తెలుగు, దాదాపు ఒకే వ్యవసాయం. మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠంలోని ఒక పేరా ఇచ్చి, ఒక్కొక్కరినీ విడిగా చదివించండి. ‘చెట్టు’ని ‘చెటు’ అని చదివితే వత్తుల దగ్గర ఆగాడని అర్థం. తర్వాత 46లోంచి 29 తీసేయమనండి. 23 అని రాస్తే తొమ్మిదిలోంచి ఆరు తీసేశాడు, పదులు తెచ్చుకోవడం ఇంకా రాలేదు. ఎవరు ఎక్కడ ఆగారో పేరు పక్కన రాసుకుని, పట్టికను క్లాసు టీచరుకు ఇవ్వండి, ర్యాంకులు వేయకుండా.