రంభ దీవుల్లో మన కొండరాయి

మాది కవిటి వైపు ఉద్దానం. ఇక్కణ్ణుంచి ఒడిశాలోని చిలికా సరస్సు ఏమంత దూరం కాదు, ఇచ్ఛాపురం దాటి బరంపురం కూడా దాటేస్తే ఇంకో గంటలో దాని ఒడ్డునున్న రంభ వచ్చేస్తుంది, అయినా మా ఊళ్ళో చాలామంది దాన్ని రైలు కిటికీలోంచి చూడ్డమే గానీ దిగి చూసినోళ్ళు తక్కువ. రంభ దగ్గరకి వచ్చేసరికి పెట్టెలో ఎవరో ఒకరు "అదిగో సముద్రం" అంటారు, ఇంకొకరు "సముద్రం కాదురా బాబూ, చెరువు" అంటారు, ఆ తగువు తేలేలోపు బాలుగావ్ వచ్చేస్తుంది. నిజానికి ఇద్దరూ సగం సగం కరెక్టే.

మొన్న చలికాలంలో మావయ్యా నేనూ దిగేశాం. మావయ్య రిటైరైన సోషల్ మాస్టారు, జెట్టీ దగ్గర మోటారు బోటు బేరమాడుతూనే పాఠం మొదలెట్టేశాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా రంభా మన శ్రీకాకుళమూ రెండూ మద్రాసు కింద గంజాం జిల్లాలోనే ఉండేవట, "అంటే ఒకప్పుడు మీకూ మాకూ కలెక్టరు ఒక్కడే బాబూ, కాస్త తగ్గించు" అన్నాడు. బోటాయనకి తెలుగు బాగానే వచ్చు, నవ్వాడు గానీ రూపాయి తగ్గించలేదు.

బోటు బయల్దేరాక నన్ను ఆశ్చర్యపెట్టింది లోతు. ఎటు చూసినా నీళ్ళే, అవతలి ఒడ్డు మసగ్గా ఉంది, ఇంత పెద్దదంటే అడుగు ఎక్కడో ఉంటుందనుకుంటాం కదా, బోటాయన చేతిలో వెదురు గడ నిలువునా దింపితే నా ఎత్తు కంటే కాస్త ఎక్కువ మునిగి ఠక్కుమని ఆగిపోయింది. చిలికా సగటు లోతు రెండు మీటర్లు కూడా ఉండదు, దక్షిణాన ఉన్న ఈ రంభ వైపే కాస్త లోతెక్కువ. విస్తీర్ణమేమో ఎండాకాలం 900 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, వానాకాలం 1,100 దాటిపోతుంది. సముద్రమంత కనబడే పళ్ళెం అనుకోండి.

ఆ పళ్ళెంలో అక్కడక్కడా దీవులు. ఒకదాని మీద కళ్ళికోట రాజా కట్టించిన బంగళా పాడుబడి ఉంది, దాన్ని బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అంటారు, ఇంకోచోట నీళ్ళ మధ్యలో బండ మీద కోసుగా ఓ స్తంభం, కంపెనీ కాలంలో గంజాం కలెక్టరు స్నోడ్‌గ్రాస్ పైన దీపం పెట్టడానికి కట్టించాడట. టూరిస్టులందరూ వాటి ముందే సెల్ఫీలు, మేమూ దిగాం అనుకోండి, అబద్ధమెందుకు. కానీ నాకు నచ్చింది ఆ కింద ఉన్న రాయి.

దీవి అంచున బండ మీద చెయ్యి పెట్టి చూశాను. చారలు చారలుగా ఉంది, మధ్యలో ఆవగింజ సైజులో ఎర్రటి గింజలు, గోరుతో గీకితే కదల్లేదు. అవి గార్నెట్ అనే ఖనిజం. తూర్పు కనుమల్లో ఈ గింజలుండే ఖోండలైట్ లాంటి రాళ్ళు ఉంటాయి, ఆ పేరు కూడా మన కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద పెట్టిందే, ఈ రాళ్ళు దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల బాగా ఉడికి తయారైనవి. కొండరాయి వానలకి చివికి, వాగుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో కలిస్తే ఆ గింజలే ఒడ్డుకొస్తాయి, మా బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసక మీద ఎర్రగా జీర మిగులుతుందే, అదే. చిన్నప్పుడు దాన్ని కుంకం అనుకుని పొట్లాలు కట్టుకున్నాం, ఇప్పుడు ఆ కుంకం పుట్టిల్లు మీద నిలబడ్డానన్నమాట.

అంటే ఇవి సముద్రంలోంచి పైకి లేచిన దీవులేం కాదు, కాళ్ళు మునిగిన కొండలు. 20 వేల ఏళ్ళ కిందట మంచుయుగంలో నీళ్ళన్నీ ధ్రువాల దగ్గర గడ్డకట్టుకుపోయి సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది, అప్పుడు బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌కి బోటక్కర్లేదు, నడిచి ఎక్కేయొచ్చు. తర్వాత మంచు కరిగి ఆరేడు వేల ఏళ్ళ కిందటికి నీరు ఇంచుమించు ఇప్పటి మట్టానికొచ్చింది, కొండల మధ్య పల్లం మునిగి అఖాతం అయింది. ఆ అఖాతానికి తలుపేసింది ఇసక.

ఇసక ఎలా తలుపేస్తుందో కావాలంటే వానాకాలం మా బీచ్‌కొచ్చి చూడండి. అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని కొడతాయి, ఎక్కేటప్పుడు వాలుగా ఎక్కిన నీరు దిగేటప్పుడు మాత్రం తిన్నగా పల్లానికి జారుతుంది. ఓ కొబ్బరి డొక్క పడేసి చూడండి, ఉద్దానంలో డొక్కలకేం కొరత, ఒక్కో అలకి వంకర టింకరగా రెండడుగులు ఉత్తరానికి జరుగుతూ కాసేపటికి ఎక్కడో తేలుతుంది. ఇసక రేణువుదీ అదే నడక, ఇలా మన తీరం వెంట ఏటా లక్షల ఘనమీటర్ల ఇసక ఉత్తరానికి పోతూనే ఉంటుంది. మన నదుల మొగలు, అంటే సముద్రంలో కలిసే నోళ్ళు, ఓ ఏడు ఇక్కడా ఓ ఏడు అక్కడా ఉండడానికి ఇదో కారణం. ఆ ఇసకే వేల ఏళ్ళు పేరుకుని అఖాతానికి అడ్డంగా పొడుగాటి కట్ట వేసింది, సన్నటి మొగ ఒకటి వదిలింది, లోపల మిగిలింది చిలికా.

ఆ మొగని కూడా ఇసక ఊరుకోనివ్వదు, ఉత్తరానికి తోసుకుంటూ పోతుంది. 1990లకి వచ్చేసరికి సముద్రానికీ సరస్సుకీ మధ్య కాలువ మరీ పొడుగైపోయి పూడిపోయింది, పోటు నీరు లోపలికి రావడం తగ్గింది, ఉప్పు తగ్గి గుర్రపుడెక్క లాంటి కలుపు పెరిగింది. 1981లోనే ప్రపంచ స్థాయి చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు తెచ్చుకున్న సరస్సుని 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టీలో రాసేశారు. చివరికి 2000 సెప్టెంబర్‌లో ఇసక కట్టని సిపకుదా దగ్గర తవ్వి కొత్త మొగ తెరిచారు, కాలువ 18 కిలోమీటర్లు తగ్గింది. 1999-2000లో 1,750 టన్నుల దగ్గర పడున్న చేపలూ రొయ్యల పట్టుబడి రెండేళ్ళలో దాదాపు 12 వేల టన్నులకి ఎగబాకింది, 2002లో ఆ పట్టీలోంచి పేరు తీసేశారు. ఒక్క గండి కొడితే ఇంత తేడా ఏంటా అనిపిస్తుంది, కానీ రొయ్యలూ కత్తిపరిగెలూ గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్లలు పెరిగేది లోపల ఈ ఉప్పూతీపీ కలిసిన నీళ్ళలో, దారి మూసుకుంటే ఇంకేం పెరుగుతాయి.

డాల్ఫిన్ల కోసం రంభ రాకండి, అవి ఎక్కువగా మొగకి దగ్గరగా సాతపడా వైపుంటాయి. మూతి పొడుగు లేని గుండ్రటి తలకాయ డాల్ఫిన్లు అవి, పేరేమో బర్మా నది పేరు, ఐరావదీ డాల్ఫిన్. మావయ్యకి ఈ ముక్క చెప్తే నమ్మలేదు గానీ, 1866లో రిచర్డ్ ఓవెన్ ఈ జాతిని లోకానికి చెప్పింది 1852లో విశాఖపట్నం హార్బర్‌లో దొరికిన దాన్ని చూసే. మన వాళ్ళు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి సంపాదించుకొచ్చేవాళ్ళు, ఈ డాల్ఫిన్‌కి మాత్రం మన ఊళ్ళో దొరికి బర్మా పేరొచ్చింది.

ఇలాంటిదే ఇంకోటుంది. రంభకి ఐదు కిలోమీటర్ల దూరంలో బర్కుదా దీవి, హనీమూన్ ఐలాండ్ అంటారు. 1917లో అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్తకి అక్కడ నేలలో కాళ్ళే లేని నలికిరి దొరికింది, చూస్తే వానపామో బుల్లి పామో అనుకుంటారు, దీవి పేరే దానికి పెట్టి బర్కుడియా అన్నారు. ఆ కుటుంబంలో దీని తోబుట్టువు ఎక్కడుందయ్యా అంటే మళ్ళీ విశాఖపట్నం వైపే. మట్టిలో దూరి బతికే జీవి ఈతకొట్టి దీవికి చేరుతుందా? నా ఉద్దేశం, నీళ్ళు రాకముందే దాని పూర్వీకులు ఆ కొండ మీద ఉండుంటాయి, చుట్టూ ప్రపంచం మునిగింది గానీ అవి కదల్లేదు.

సాయంత్రం జెట్టీ బయట మండపీతలు కొన్నాం, గడ్డి తాడుతో డెక్కలు కట్టేసి బుట్టలో పెట్టారు, ఇంకా నురగలు కక్కుతున్నాయి. మావయ్య బేరం వదిలేసి "ఏటమ్మా, ఇవి సముద్రం పీతలా చెరువు పీతలా" అనడిగాడు. ఆవిడ ఓ పీతని బోర్లా తిప్పి కడుపు కింద వెడల్పాటి మూత చూపించి, ఇది ఆడది, గుడ్డుకొస్తే మొగ దాటి సముద్రానికి పోతుంది, పిల్లలేమో మళ్ళీ లోపలికొస్తాయి, నేనేం చెప్పేది, మీకు ఎన్ని కావాలో చెప్పండి అంది. నాలుగు తీసుకున్నాం.