గజ్జి అని తేల్చిన సాయంత్రం

1999 జూలై 14. లండన్‌లోని సెంట్రల్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి విక్టోరియా క్లింబీ అనే ఏడేళ్ల పాప వచ్చింది. ఒంటినిండా గుర్తులు. మొదట చూసిన డాక్టర్లకు ఎవరో కొట్టారనే అనుమానం వచ్చింది, పోలీసులకు చెప్పారు. సాయంత్రానికి పెద్ద డాక్టర్ చూసి గజ్జి అన్నారు. మర్నాడు పాప ఇంటికెళ్లిపోయింది. పది రోజులకు తల, ముఖం కాలి నార్త్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో చేరింది. బెల్టు బకిల్ ఆకారంలో ఉన్న మచ్చను అక్కడి నర్సులు గమనించారు. పెంచుతున్న బంధువు రాగానే పాప బెదిరిపోవడమూ చూశారు. వాళ్ల కళ్లు చూసిందంతా కేస్‌షీట్లోకి ఎక్కలేదు. ఆగస్టు 6న డిశ్చార్జి. 2000 ఫిబ్రవరి 25న ఆ బిడ్డ చనిపోయింది. ఒంటిమీద 128 గాయాలు లెక్కతేలాయి.

వైద్యానికి తెలియని విషయం కాదిది. 1946లోనే అమెరికా ఎక్స్‌రే నిపుణుడు జాన్ కాఫీ ఆరుగురు పసివాళ్లలో తలలో రక్తస్రావం, పొడవాటి ఎముకల విరుగుళ్లు కలిసి ఉండటాన్ని రాశాడు. 1962లో పిల్లల డాక్టర్ హెన్రీ కెంప్ బృందం దానికి "బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్" (దెబ్బలు తిన్న బిడ్డలో కనిపించే లక్షణాలు) అని పేరు పెట్టింది. జ్ఞానం ఉంది, ఒకరి నుంచి ఒకరికి అందలేదు.

విక్టోరియా మరణంపై విచారణ జరిపి 2003 జనవరిలో ఇచ్చిన లామింగ్ నివేదికలోని 108 సిఫార్సుల్లో ఆసుపత్రులకు చెప్పినవి ఈ చోటే పట్టుకున్నాయి. డాక్టర్ల మధ్య అభిప్రాయ భేదం వస్తే చర్చించి, ఆ చర్చను రాసిపెట్టాలి. కొట్టారన్న అనుమానాన్ని పూర్తిగా చర్చించకుండా కొట్టిపారేయకూడదు. ఇంతకుముందు ఏ ఆసుపత్రిలో చేరిందో అడిగి వివరాలు తెప్పించాలి. తర్వాతి సంరక్షణకు రాతపూర్వక ప్రణాళిక లేకుండా ఇంటికి పంపకూడదు.

మన దగ్గర 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పితీరాలంటుంది, దాస్తే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు. బిడ్డ బాధ్యత చూసేవాళ్లే కొట్టి హింసిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 ఉంది. క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) రాయడం అలవాటే. చిక్కంతా డ్యూటీ మారేటప్పుడు. రిజిస్టర్లో గాయం ఉంటుంది, కానీ వార్డుకు "మంచం మీంచి పడింది" అన్న మాటే చేరుతుంది.

అందుకే తెచ్చినవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, టైముతో సహా రాయాలి. రెండోసారి కథ మారితే మొదటిది కొట్టేయకుండా రెండూ ఉంచాలి. కమిలిన ప్రతి చోటూ ఒంటి బొమ్మ మీద సెంటీమీటర్లలో గుర్తించాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు ఛాతీ, పొట్ట, చెవి, మెడ మీద కమిలినా, నాలుగు నెలలలోపు పసికందుకు ఎక్కడ కమిలినా ఆగి ఆలోచించాలి. మాటలొచ్చిన బిడ్డనైతే తెచ్చినవాళ్లు పక్కన లేకుండా అడగాలి. అనుమానం ఉంటే రెండేళ్లలోపు వాళ్లకు ఒళ్లంతా ఎక్స్‌రేలు తీసి, సుమారు రెండు వారాలకు మళ్లీ తీయాలి. కొత్తగా విరిగిన పక్కటెముక మొదటి ఫిల్ములో కనిపించకపోవచ్చు, అతుక్కోవడం మొదలయ్యాకే బయటపడుతుంది. ఆ రెండో ఎక్స్‌రే తేదీ, పిలిపించాల్సిన వ్యక్తి పేరు డిశ్చార్జి కాగితం మీదే ఉండాలి.