ఒకే గడ్డి, ఆరు రకాలు

ఒక చెరువో అడవో ఎంత ఆరోగ్యంగా ఉందో చెప్పమంటే మనం మామూలుగా జాతులు లెక్కపెడతాం. ఎన్ని రకాల చేపలు, ఎన్ని రకాల చెట్లు అని. ఒకే జాతిలోని జీవుల మధ్య ఉండే తేడాలు ఆ లెక్కలోకి రావు. ఎండలు ముదిరినప్పుడు, నీళ్లు పాడైనప్పుడు ఎవరు మిగులుతారన్నది చాలాసార్లు తేల్చేది ఆ తేడాలే.

సముద్రగడ్డి సంగతి చూడండి. తీరం దగ్గర లోతు తక్కువ నీళ్లలో, ఇసుకలో వేళ్లూని, రిబ్బన్లలాంటి పొడవాటి ఆకులతో పెరుగుతుంది. చిన్న చేపలు, రొయ్యలు, నత్తలు ఆ ఆకుల మధ్యే బతుకుతాయి. విత్తనాలతోనే కాక పిలకలు వేసుకుంటూ కూడా పాకుతుంది కాబట్టి, ఒక్కోసారి పెద్ద పచ్చికంతా జన్యుపరంగా ఒకే మొక్క. బాల్టిక్ సముద్రంలో పరిశోధకులు ఈ గడ్డిని కొన్ని మళ్లలో ఒకే జన్యురకంగా, కొన్నిటిలో మూడు రకాలు, కొన్నిటిలో ఆరు రకాలు కలిపి నాటారు. 2003లో యూరప్‌ను కుదిపేసిన వడగాలులకు ఆ నీళ్లూ వేడెక్కి, గడ్డి ప్రాణం మీదికి వచ్చింది. ఎక్కువ రకాలు కలిపిన మళ్లలో గడ్డి దట్టంగా నిలిచింది. అక్కడ చిన్న జీవులు కూడా ఎక్కువగా కనిపించాయి. నా దృష్టిలో ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. గడ్డిలోని వైవిధ్యం దాన్ని నమ్ముకున్న ప్రాణులకూ అండ అయింది. జాతుల లెక్కలో చూస్తే మాత్రం నాటిన మళ్లన్నీ ఒకటే!

మరి ఉన్న చోట తట్టుకునే రకమే లేకపోతే? బయటి నుంచి రావాలి. మట్టిలోని సూక్ష్మజీవుల సముదాయాల మీద కలుపుమందు ప్రయోగించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. కొన్ని సముదాయాలను ఒంటరిగా ఉంచారు, కొన్నిటి మధ్య రాకపోకలు సాగనిచ్చారు. ఆ తర్వాత ఒక్కసారిగా ప్రాణాంతకమైన మోతాదు ఇచ్చారు. అంతకుముందే కొద్దికొద్దిగా మందు తగిలి, పొరుగు సముదాయాలతో రాకపోకలు కూడా ఉన్నవే ఎక్కువగా కోలుకున్నాయి. మందు కాస్త ఉన్న చోట దాన్ని తట్టుకునే రకాలు ముందే పుంజుకుంటాయి, దారి ఉంటే పక్క చోట్లకూ చేరతాయి. మొదట్లో అరుదుగా ఉన్న కొన్ని జీవులు చివరికి అక్కడ పైచేయి సాధించాయి కూడా. మామూలు రోజుల్లో ఎందుకూ కొరగానట్టు కనిపించే అరుదైన రకాలను తేలిగ్గా తీసుకోకూడదని నేననేది అందుకే.

దారి మూసుకుపోతే ఏమవుతుందో అమెరికాలో సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవి చూపించింది. అక్కడి తోడేళ్లు 1940ల చివర్లో గడ్డకట్టిన సరస్సు మీదుగా నడిచి వచ్చినవాటి సంతతి. 1980లో 50 దాకా ఉండేవి. తర్వాత కుక్కలకొచ్చే పార్వోవైరస్ సోకి కుప్పకూలాయి. దగ్గరి చుట్టాల్లోనే జతకట్టడంతో వెన్నెముక లోపాలూ పెరిగాయి. 1997లో ఒక మగ తోడేలు మంచు దాటి వచ్చి కొత్త నెత్తురు ఎక్కించింది. అయితే కొద్ది కాలంలోనే దీవిలోని తోడేళ్లన్నీ దాని సంతతే అయిపోయి, కథ మళ్లీ మొదటికొచ్చింది. చలికాలాలు వెచ్చబడి సరస్సు గడ్డకట్టడం అరుదైపోయింది. 2018 నాటికి మిగిలింది రెండే, ఒక తండ్రి, ఒక కూతురు. వేటాడేవి లేక మూస్ అనే భారీ జింకలు పెరిగిపోయి ఫర్ అనే సూదాకుల చెట్ల మొక్కలను మేసేశాయి.

అలాగని ఎక్కడి జీవినైనా తెచ్చి కలిపేస్తే పని జరగదు. యూరప్‌లోని టాట్రా పర్వతాల్లో ఉండే ఐబెక్స్ అడవి మేకల్లో వేడి ప్రాంతాల మేకలను కలిపితే, పుట్టిన సంకర మేకలు తొందరగా ఎదకొచ్చి, గడ్డకట్టే ఫిబ్రవరిలో ఈనాయి. పిల్లలు బతకలేదు, ఆ మేకల మంద మొత్తం అంతరించింది. ఐల్ రాయల్‌కు 2018, 2019లలో 19 తోడేళ్లను తరలించినప్పుడు సుపీరియర్ సరస్సు పరిసరాల నుంచే తెచ్చారు, అదీ ఒకే మంద నుంచి కాకుండా వేర్వేరు చోట్ల నుంచి.