మా గల్లీని పక్క డివిజన్‌లో కలిపిందెవరు? వార్డుల పునర్విభజనపై అపోహలు, వాస్తవాలు

ఫంక్షన్లకి వెళ్ళినప్పుడు నేనేం పని చేస్తానో చెప్పడం ఈ మధ్య తగ్గించేశాను. "వార్డుల మ్యాపులు తయారుచేస్తా" అన్నానంటే చాలు, బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి మరీ అడుగుతారు: "అయితే మా గల్లీని తీస్కపోయి అటు దిక్కు కలిపింది నువ్వేనా అన్నా?" గీసిన చేతుల్లో నా చెయ్యీ ఒకటి కాబట్టి ఏదో ఒకటి చెప్పక తప్పదు. 2015లో ఒకసారి, 2025 చివర్లో మరోసారి ఈ పనిలో ఉన్నాను. రెండుసార్లూ విన్న మాటలు దాదాపు ఒకటే. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. సగం నిజాలతోనే తంటా ఎక్కువ.

వార్డు అన్నది కాగితాల మీది మాట. హైదరాబాద్ నగరంలో అందరూ డివిజన్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను.

అపోహ: డివిజన్లని ఎన్నికల సంఘం గీస్తుంది

కాదు. అసెంబ్లీ, లోక్‌సభ నియోజకవర్గాల సరిహద్దులు గీసేది కేంద్రం నియమించే డీలిమిటేషన్ కమిషన్. ఇప్పుడున్నవి 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ గీసినవి. కార్పొరేషన్ డివిజన్లు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ముసాయిదా కార్పొరేషన్‌లో తయారవుతుంది, ప్రభుత్వం ఖరారు చేస్తుంది. ఆ తర్వాత ఎన్నిక జరిపే పని రాష్ట్ర ఎన్నికల సంఘానిది. గీత మీద కోపంతో ఎన్నికల సంఘానికి అర్జీ పెట్టుకుంటే అది టేబుళ్ళ చుట్టూ తిరగడమే తప్ప లాభం లేదు.

2025 చివర్లో డివిజన్లు 150 నుంచి 300కి పెరిగాయి కాబట్టి ఎమ్మెల్యే సీట్లు కూడా పెరిగినట్టే అని కొందరంటారు. ఆ రెంటికీ సంబంధం లేదు.

అపోహ: పదిహేనేళ్ళ కిందటి లెక్కలతో గీశారు, కావాలని చేసిన మోసం

పాత లెక్క అన్నది నిజం. మోసం అన్నదే తప్పు. మున్సిపాలిటీల విషయంలో 'జనాభా' అంటే ఏమిటో రాజ్యాంగం 243పి అధికరణంలోనే ఉంది: చివరిసారి జరిగి, అంకెలు ప్రచురితమైన సెన్సస్‌లో తేలిన జనాభా. 2021లో జరగాల్సిన సెన్సస్ జరగలేదు. కాబట్టి 2011 అంకెలే దిక్కు. 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగి చేసిన కులసర్వే ఎంత పెద్దదైనా అది సెన్సస్ కాదు.

అలాగని నష్టం లేదనను. సెన్సస్ వాళ్ళు ఊరంతటినీ ఎన్యూమరేషన్ బ్లాకులుగా విడదీస్తారు. ఒక్కో బ్లాకులో సుమారు 650 నుంచి 800 మంది ఉంటారు. గోడకి ఇటుక ఎలాగో మాకు బ్లాకు అలాగ. ఇటుకని సగానికి పగలగొట్టకుండా పేర్చుకుంటూ పోతాం, ఎందుకంటే సగం బ్లాకులో ఎంతమంది ఉన్నారో చెప్పే అంకె మా దగ్గర ఉండదు. 45 వేల జనాభా ఉన్న డివిజన్ అంటే అరవై పైచిలుకు ఇటుకలు.

చిక్కంతా ఆ ఇటుక వయసుతోనే. కొండాపూర్‌లోనో మణికొండలోనో 2011లో 700 మంది ఉన్న బ్లాకులో ఇవాళ నాలుగు టవర్ల గేటెడ్ కమ్యూనిటీ లేచి ఉండొచ్చు. మా షీటులో మాత్రం అది ఇంకా 700. పాతబస్తీలో అప్పటికే కిక్కిరిసి ఉన్న బ్లాకులో పెరగడానికి జాగా ఎక్కడ? అదీ 700. కాగితం మీద రెండూ సమానం, నేల మీద ఒకటి ఇంకోదానికి మూడింతలు. 2020 డిసెంబరు ఎన్నికల్లో మైలార్‌దేవ్‌పల్లి డివిజన్‌లో 79 వేల పైచిలుకు ఓటర్లుంటే, రామచంద్రాపురంలో 28 వేలు కూడా నిండలేదు. అక్కడా ఒక్కడే కార్పొరేటర్, ఇక్కడా ఒక్కడే.

"మరి అంత తొందరేంటి, కొత్త సెన్సస్ దాకా ఆగొచ్చుగా?" అని 2025 డిసెంబరంతా అడిగారు. సెన్సస్ మొదలయ్యే ముందు పాలనా సరిహద్దులు కదలకుండా కట్టేస్తారు. ఈసారి దానికి గడువు 2025 డిసెంబరు 31. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉన్న 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో, అంటే హైదరాబాద్ మహానగర కార్పొరేషన్‌లో కలవడం, 150 డివిజన్లు 300 కావడం అన్నీ ఆ గడువులోపే అయ్యాయి. రాజకీయ కారణాలు మీకు తెలిసినంతే నాకూ తెలుసు. క్యాలెండర్ కారణం మాత్రం కచ్చితంగా ఉంది.

అపోహ: ప్రతి డివిజన్‌లో ఓట్లు సమానంగా ఉండాలి

జనాభా సమానంగా ఉండాలి, ఓట్లు కాదు. పాలు తాగే పిల్లాడు కూడా మా లెక్కలో ఒకడే. వాడికీ నీళ్ళు కావాలి, వాడి ఇంటి ముందు చెత్తా తియ్యాలి.

అపోహ: ఎమ్మెల్యే మ్యాపు మీద వేలు పెట్టి చూపిస్తే మేం గీసేస్తాం

ఇది సగం నిజాల్లోకెల్లా పెద్దది. నిబంధనల ప్రకారం డివిజన్ల జనాభాలో తేడా 10 శాతం లోపల ఉండాలి. గీత ఇష్టం వచ్చినట్టు ఇళ్ళ మధ్యలోంచి పోకుండా రైలు పట్టాలు, పెద్ద రోడ్లు, నాలాలు, మూసీ లాంటి హద్దుల వెంబడి పోవాలి. ప్రతి డివిజన్‌కీ ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర హద్దులు మాటల్లో రాసి ప్రచురించాలి. ఫలానా కాలనీ వద్దు, ఫలానా బస్తీ కావాలి అని మచ్చలు మచ్చలుగా ఏరుకోవడం కుదరదు.

మరి ఒత్తిడి ఉండదా? ఉంటుంది, లేదంటే అబద్ధం. కానీ అది నిబంధన బయట పనిచేయదు, నిబంధన లోపలే పనిచేస్తుంది. సగటు 45 వేలు అనుకుందాం. అటూ ఇటూ 10 శాతం అంటే 40,500 నుంచి 49,500 దాకా ఏ అంకె అయినా నిబంధనకి లోబడినదే. మధ్యలో ఉన్న ఆ 9 వేలు మా భాషలో ఒక డజను ఇటుకలు. గీతని నాలా దగ్గర ఆపినా హద్దే, నాలా దాటి మెయిన్ రోడ్డు దాకా తీసుకెళ్ళినా హద్దే. నాలాకీ రోడ్డుకీ మధ్య ఉన్న ఆ డజను బ్లాకులు ఎటు పోవాలన్న దగ్గరే అసలు ఆట. టీ తాగుతూ ఎవరో ఒకరు వచ్చి "సార్, రోడ్డయితే జనానికి గుర్తుంటది కదా" అంటారు. నిజమే, రోడ్డయితే గుర్తుంటుంది. ఆ మాట ఏ పార్టీ మనిషి అంటున్నాడో కూడా నాకు గుర్తుంటుంది.

రోడ్డుని హద్దుగా పెడితే ఇంకో గొడవ. ఇటు వైపు షాపులు ఒక డివిజన్, అటు వైపు షాపులు ఇంకో డివిజన్. నడి రోడ్డు మీద గుంత పడితే ఇద్దరు కార్పొరేటర్లూ అవతలివాడిదే అంటారు. నాలా హద్దయినా అంతే, పూడిక తీసే వేళకి అది ఎవరిదీ కాదు.

అపోహ: రిజర్వేషన్‌కీ గీతకీ సంబంధం లేదు

పద్ధతి ప్రకారం రెండూ వేరే. ముందు గీతలు ఖరారవుతాయి, ఆ తర్వాత ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా స్థానాలు తేలుతాయి. 2020లో 150 డివిజన్లలో ఎస్టీలకి 2, ఎస్సీలకి 10, బీసీలకి 50 ఉండేవి; మొత్తం మీద సగం మహిళలకి. ఎస్సీ, ఎస్టీ స్థానాలు వాళ్ళ జనాభా శాతం ఎక్కువున్న డివిజన్లకి దక్కుతాయి. మహిళా స్థానాలకి పార్టీల వాళ్ళ ఎదుట లాటరీ తీస్తారు.

పద్ధతి అదే. లెక్క మాత్రం వేరే కథ చెబుతుంది. 12 వేల మంది దళితులున్న ఒక పెద్ద బస్తీని ఊహించండి. అంతా 45 వేల జనాభా ఉన్న ఒకే డివిజన్‌లో ఉంటే వాళ్ళ శాతం దాదాపు 27. మధ్యలో ఉన్న రోడ్డుని హద్దు చేసి చెరి సగం రెండు డివిజన్లలో వేస్తే, ఒక్కోదానిలో 13 చిల్లర. మొదటి పద్ధతిలో ఆ డివిజన్ ఎస్సీ రిజర్వుడు జాబితాలో పైన నిలుస్తుంది. రెండో పద్ధతిలో రెండూ జాబితాలోకే రాకపోవచ్చు. ఒక్క మనిషి పేరూ చెరిపెయ్యలేదు, ఒక్క నిబంధనా దాటలేదు. జనాభా తేడా సరిపోయిందా అని అందరూ చూస్తారు. బస్తీ ముక్కలయిందా అని చూసేవాళ్ళు తక్కువ. ముసాయిదా రాగానే నేనైతే ముందు అదే చూస్తాను.

బీసీల సంగతి ఇంకొంచెం చిక్కు. 2011 సెన్సస్‌లో ఎస్సీ, ఎస్టీ అంకెలే ఉన్నాయి, బీసీ లెక్క లేదు. దాన్ని వేరేగా తేల్చాలి. రాబోయే సెన్సస్‌లో కులం అడుగుతారు కాబట్టి ఆ ముడి అప్పుడు విడుతుందేమో చూడాలి.

అపోహ: డివిజన్ మారితే ఇంటి నంబరు, ట్యాక్సు, ఓటరు కార్డు అన్నీ మార్చుకోవాలి

అక్కర్లేదు. సోమాజిగూడ వైపు ఇళ్ళకి 6-3 అనీ, హిమాయత్‌నగర్ ఇళ్ళకి 3-6 అనీ నంబరు మొదలవుతుంది కదా, అందులో మొదటి అంకె పాత మున్సిపల్ వార్డు, రెండోది ఆ వార్డులో బ్లాకు (సెన్సస్ బ్లాకు కాదు). అవి ఎప్పటివో. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ అయినప్పుడూ అవి మారలేదు. ఇంటి పన్నుకి పీటీఐఎన్ నంబరు ఉంది, అది ఇంటికి అంటుకున్న నంబరు, డివిజన్‌కి కాదు. ఓటరు కార్డు అసెంబ్లీ జాబితాది.

జాగ్రత్తగా ఉండాల్సింది మాత్రం ఇక్కడే. అసెంబ్లీ ఓటర్ల జాబితాని ముక్కలు చేసి డివిజన్లకి పంచుతారు. ఆ పంపకంలో ఒకే ఇంట్లో మొగుడు ఒక డివిజన్‌లో, పెళ్ళాం ఇంకో డివిజన్‌లో తేలడం చాలాసార్లు చూశాను. డివిజన్ జాబితా ముసాయిదా వచ్చినప్పుడు ఇంట్లో అందరి పేర్లూ చూసుకోండి.

అన్నట్టు, మ్యాపులో సికింద్రాబాద్ దగ్గర అంత పెద్ద ఖాళీ ఏమిటని చాలామంది అడుగుతారు. అది కంటోన్మెంట్. రక్షణ శాఖ కింద దాని బోర్డు వేరు, దాని 8 వార్డులు వేరు. మేం దాని చుట్టూ గీసుకుంటూ పోతాం.

అపోహ: అభ్యంతరాలు ఇచ్చినా చెత్తబుట్టలోకే

చాలావరకు వెళతాయి, ఎందుకంటే చాలావాటిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "మా కాలనీ పేరు డివిజన్‌కి పెట్టలేదు", "మాకు ఆ కార్పొరేటర్ వద్దు", ఒకే ఉత్తరం జిరాక్సు తీసి రెండొందల సంతకాలు. వీటితో గీత కదలదు.

కదిలించినాయన ఒకరున్నారు. 2015లో ఒక సర్కిల్‌లో నేను గీసిన హద్దు ఒక సన్నని గల్లీ వెంబడి పోయింది. నా మ్యాపులో గల్లీ ఉంది, నేల మీద లేదు. దాన్ని కలుపుకొని ఎప్పుడో అపార్ట్‌మెంట్ కట్టేశారు. ఏ-బ్లాకు ఒక డివిజన్, బీ-బ్లాకు ఇంకో డివిజన్, లిఫ్టు ఎవరిదో తెలియదు. రిటైరైన అంకుల్ ఒకాయన రూళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో స్కెచ్ గీసుకొచ్చాడు. ఏ మూల నుంచి ఏ మూలకి గీత జరపాలి, అలా జరిపితే ఎన్ని ఇళ్ళు ఇటు వస్తాయి, బదులుగా ఎటు ఇవ్వొచ్చు, అన్నీ రాశాడు. ఒక్క సంతకం. మరుసటి రోజు వెళ్ళి చూసొచ్చి సరిచేశాం.

ఆయనలా రాయాలంటే జనం దగ్గర మ్యాపు, అంకెలు ఉండాలి. 2025 డిసెంబరులో ముసాయిదా వచ్చినప్పుడు హద్దులు మాటల్లోనే ఇచ్చారు. హైకోర్టు కలగజేసుకుని డివిజన్ల వారీ జనాభా, మ్యాపులు బయటపెట్టమని, అభ్యంతరాలకి ఇంకో రెండు రోజులు ఇమ్మని చెప్పింది. ఖరారైపోయాక పునర్విభజన చట్టాన్ని కోర్టులో ప్రశ్నించకుండా 243జెడ్‌జీ అధికరణం అడ్డుపడుతుంది, కాబట్టి ఏం చేసినా ముసాయిదా రోజుల్లోనే చెయ్యాలి. నన్నడిగితే వారం సరిపోదు. మ్యాపు చదవడానికే ఒక ఆదివారం పడుతుంది.

అపోహ: సెన్సస్‌లో ఊళ్ళో రాయించుకుంటే చాలు

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే నాడు హైదరాబాద్ రోడ్లు ఎలా ఖాళీ అయ్యాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బస్సులెక్కి ఊళ్ళకి పోయారు. అది రాష్ట్రం చేసుకున్న సర్వే. సెన్సస్ అలా కాదు, మామూలుగా ఎక్కడ కాపురముంటే అక్కడే లెక్క. ఈసారి లెక్కకి తేదీ 2027 మార్చి 1 అని కేంద్రం ప్రకటించింది. తర్వాత ఎప్పుడు డివిజన్లు గీసినా మా చేతికొచ్చేవి ఆ ఇటుకలే.

కూకట్‌పల్లిలో అద్దెకుంటున్న మా మేనల్లుడు మొన్న "మా అమ్మ ఊళ్ళె రాయిస్తదిలే మామా" అన్నాడు. వాడుండే బిల్డింగులో 16 పోర్షన్లు, ఒక్కోదానిలో నలుగురు కుర్రాళ్ళు. అందరూ వాడిలాగే అంటే 64 మంది బ్లాకులోంచి పోతారు. అలాంటి బిల్డింగులు ఆ గల్లీలో పదకొండు ఉన్నాయి, నేనే లెక్కపెట్టాను. అంటే ఒక ఇటుక మొత్తం మాయం. వాడికి ఇంకా నచ్చజెబుతూనే ఉన్నాను.